చిత్రసీమయందలి సంబోధనాచారము: ప్రామాణ్యవిమర్శ

ధర్మమునకు శ్రుతియు, స్మృతియు, సదాచారమును ప్రమాణములని ధర్మశాస్త్రకారులు పరిగణించిరి. అందు మొదటి రెండును గ్రంథస్థములు. మూడవది గ్రంథమునకు వెలుపల, జనుల నడవడియందు, జీవించునది. ఆంధ్రదేశమున వైదికులు పెక్కురు అనుసరించు ఆపస్తంబుడు తన ధర్మసూత్రమును ముగించు తఱి, చెప్పగా మిగిలిన ధర్మములను స్త్రీలవలనను, సర్వవర్ణములవారి వలనను తెలిసికొనవలయునని కొందఱి మతముగ పేర్కొనెను. వ్రాయబడని విధులకు శాస్త్రము చోటొసంగినదని దీనివలన స్పష్టము. అయితే ఆచారమున నున్నదెల్ల సదాచారమగునా యను ప్రశ్నకును శాస్త్రము మౌనము వహింపలేదు. ఆచారమును నిలుపుటకు యుక్తులు చెప్పినట్లే త్రోసిపుచ్చుటకును యుక్తులు చెప్పినది. ఆ యుక్తులను వర్తమానకాలపు ఆచార మొకదానిపై ప్రయోగించి చూచుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. పరీక్షకు గ్రహింపబడినది హైదరాబాదునందలి తెలుగు చలనచిత్రపరిశ్రమలో వాడుకయందున్న సంబోధనాచారము.

వెంగళరావు నగర్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ అనునవి చేరువ చేరువగ నున్న పేటలు. మదరాసున వేళ్లూనిన తెలుగు చిత్రపరిశ్రమ కొన్ని దశాబ్దముల కాలమున క్రమక్రమముగ ఇచ్చటికి తరలివచ్చినది. 1950వ దశకమున సారథీ స్టూడియోయు, 1970వ దశకమున అక్కినేని నాగేశ్వరరావు స్థాపించిన అన్నపూర్ణా స్టూడియోయు, 1980వ దశకమున డి. రామానాయుడు నిర్మించిన స్టూడియోయు ఈ ప్రాంతమును చిత్రసీమగ మార్చినవి. జూబిలీ హిల్స్‌యందు నటులును నిర్మాతలును నివసింతురు. కృష్ణానగర్ సందులలో దీపములు మోయువారును, గుంపునందు నిలిచి నటించువారును, నృత్యబృందములవారును, వస్త్రములు సవరించువారును నివసింతురు. రెండు పేటలకును నడుమ దూరము స్వల్పము. ఆ స్వల్పదూరమును దాటు విధము మాత్రము పెక్కు వ్రాయబడని విధులచే నిర్ణీతమై యున్నది.

ఆ విధులలో కొన్ని అందఱెఱిగినవే. చిత్రారంభమున ముహూర్తము పెట్టి, దేవుని పటములపై తొలి దృశ్యమును చిత్రింతురు. ఒక ప్రముఖుడు క్లాప్ కొట్టవలయును. వేఱొకడు కెమెరా స్విచ్చాన్ చేయవలయును. మఱియొకడు ఆ ఒక్క దృశ్యమునకు గౌరవదర్శకుడు కావలయును. చిత్రీకరణము ముగిసిన దినమున గుమ్మడికాయ కొట్టవలయును. ఈ ఆచారము ఎంత దృఢమైనదనిన, గుమ్మడికాయ కొట్టిరి అను మాటకు చిత్రీకరణము ముగిసినదని లక్ష్యార్థము ఏర్పడినది. పత్రికలును ఆ అర్థముననే వాడుచున్నవి. చిత్రము విడుదలకు ముందు జరుగు సభలలో కథానాయకుడు కడపట మాటలాడవలయును. వక్త ప్రముఖుని నామమునకు ముందు బిరుదము చెప్పవలయును. ఏ ఒప్పందపత్రమునను ఇవి లేవు. అయినను వీనిని అతిక్రమించువారు అరుదు.

ఇవియన్నియు ప్రసంగవశమున చెప్పబడినవి. గుమ్మడికాయ కొట్టినను కొట్టకున్నను ఒకని గౌరవమునకు లోపము రాదు. సంబోధనము అట్టిది కాదు. అది పని జరుగు ప్రతి గడియయందును ఒక మనుష్యునికి వేఱొక మనుష్యుడు కట్టు వెల. అందుచే వ్రాయబడని విధులలో పరీక్షకు మిక్కిలి తగినది అదియే.

గారు అను శబ్దము

చిత్రసీమ సంబోధనకు జీవము గారు అను ప్రత్యయము. నటుడు గాని దర్శకుడు గాని వయస్సున చిన్నవాడైనను, అతని పేరు గారు లేక సభలో పలుకబడదు. తెలుగువారి పూర్వకావ్యములలో ఈ నియమము కానరాదు. దేవుని గాని, రాజును గాని, గురువును గాని నీవు అని ఏకవచనముననే కవులు సంబోధించిరి. కృతిపతియగు ప్రభువును ఆశ్వాసాంతమున పిలుచు పిలుపులును ఏకవచనములే. ఆదరార్థమైన బహువచనము శాసనములయందును, లేఖలయందును, జనుల వ్యవహారమునందును బలపడిన రీతి. విజయనగరకాలపు శాసనములలో అధికారుల పేరులపై కానవచ్చు అయ్యంగారు అను రూపము దీనికి నిదర్శనము. కావున గారు కావ్యభాష కానుక కాదు. వ్యవహారము కన్న బిడ్డ. శిష్టవ్యవహారము నుండి పుట్టి, ఏ వ్యాకరణసూత్రముయొక్క అనుజ్ఞకును కాచుకొనక, లోకమును వశపఱచుకొన్న శబ్దమిది.

గౌరవవాచకములకు ఒక స్వభావము కలదు. అవి వాడినకొలది అరుగును. రాజశబ్దము నుండి వచ్చిన రావు ఒకప్పుడు స్వయముగ గౌరవవాచకము. కాలక్రమమున అది నామములో ఒక భాగమై, తన గౌరవశక్తిని కోలుపోయెను. కావున దానిపై మరల గారు చేర్పవలసివచ్చెను. 1973 నుండి 1978 వఱకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగ నుండిన జలగం వెంగళరావు పేరిట వెలసినది వెంగళరావు నగర్. ఆ పేటపేరున రావు శబ్దము నిలిచియున్నను, దానిని గౌరవార్థమున గ్రహించువాడు నేడెవడును లేడు. అయ్య, అప్ప అను శబ్దములకును ఇదే గతి పట్టినది. చిత్రసీమలో నేడు గారునకును ఇదే గతి పట్టుచున్నది. గారు ఒక్కటి చాలక, ముందు బిరుదమును, వెనుక గారును చేర్చుచున్నారు. పైమెట్టున గౌరవము ఇట్లు రెట్టింపగుచుండగా, క్రిందిమెట్టున అది మొదటికే లేకపోవుట గమనింపదగినది.

గారు కేవలము అలంకారము కాదనుటకు వ్యాకరణమునందే ప్రబలమైన హేతువు కలదు. బాలవ్యాకరణమున చిన్నయసూరి నామములను మహత్తులనియు అమహత్తులనియు విభజించెను. పురుషులను తెలుపు శబ్దములు మహత్తులు. పశువులను, జడములను తెలుపునవి అమహత్తులు. స్త్రీవాచకములు బహువచనమున మహత్తులతో తుల్యములు. ఏకవచనమున క్రియావిషయమున అమహత్తుల త్రోవ పట్టును. పురుషుడు వచ్చినాడు, స్త్రీ వచ్చినది, ఆవు వచ్చినది, బండి వచ్చినది. గారు చేర్చి బహువచనము చేసినచో పురుషుడును వచ్చినారు, స్త్రీయు వచ్చినారు. గారు లోపించినచో పురుషుడు గౌరవమును మాత్రము కోలుపోవును. స్త్రీ గౌరవముతోపాటు క్రియయందు మనుష్యవర్గమునే విడిచి ఆవుతోడను బండితోడను జతపడును. సూరి ఈ భేదమును కల్పింపలేదు. భాషలో నున్నదానిని చూపెను. కాని ఒకరికి గారు ఇచ్చి వేఱొకరికి ఇయ్యని ఆచారము ఈ భాషలో ఎంత బరువు మోయునో దీనివలన తెలియనగును.

విధి ఆగిపోవు చోటు

చిత్రీకరణస్థలమున దీపములు మోసి నిలుపువానిని లైట్ బాయ్ అనియు, ఆహారపానీయములు అందించువానిని ప్రొడక్షన్ బాయ్ అనియు, నటుని ముఖమునకు రంగు సవరించువానిని టచప్ బాయ్ అనియు పిలుచుట వాడుక. వానికి ఇరువది యేండ్లున్నను బాయ్, అఱువది యేండ్లున్నను బాయ్. గుంపునందు నటించువారు ఎంత వృద్ధులైనను జూనియర్ ఆర్టిస్టులు. నృత్యబృందమునందలి స్త్రీలు, వారు తల్లులైనను, అమ్మాయిలు. వీరి పేరులపై గారు చేరుట అరుదు. క్రియయందు బహువచనము వచ్చుటయు అరుదు.

బాయ్ అను మాటకు పూర్వచరిత్ర కలదు. ఆంగ్లేయుల కాలమున దేశీయుడైన సేవకుని, వాని వయస్సుతో నిమిత్తము లేక, ఈ శబ్దముతో పిలిచెడివారు. ఆంగ్లో-ఇండియన్ పదములకు 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ అను ప్రసిద్ధనిఘంటువు ఈ శీర్షిక క్రింద రెండర్థములు చూపినది. సేవకుడనునది మొదటిది, పల్లకి మోయువాడనునది రెండవది. ఈ రెండవ యర్థమునకు మూలము ఆంగ్లశబ్దము కాదు. తెలుగున పల్లకి మోయువారిని తెలుపు బోయీ అను మాట. ఇంగ్లీషు బాయ్ తెలుగు బోయీతో ధ్వనిసామ్యముచే కలిసిపోయినది. కాలము మాఱినను, పల్లకి పోయి దీపస్తంభము వచ్చినను, భుజముపై మోయువాని పేరు మాత్రము ఆ కలగాపులగపు శబ్దముననే నిలిచియుండుట శబ్దచరిత్రమెఱిగినవారికి ఆలోచింపదగినది.

ఇందు ఇంకొక విశేషము కలదు. ఆ పనివారు తమకు తాము ఏర్పఱచుకొన్న సంఘము పేరున ఉన్నది లైట్‌మెన్ అను శబ్దము. అనగా వ్రాతలో మనుష్యుడు, పిలుపులో బాలుడు. వ్రాయబడిన విధియు వ్రాయబడని విధియు ఇంత సూటిగ ఢీకొనుచోటు వేఱొకటి చూపుట కష్టము. వ్రాతవిషయమున వారు పోరాడి సాధించినది కొంత కలదు. 2022 జూన్‌లో వేతనవివాదము వచ్చినప్పుడు కార్మికులు చేరినది వెంగళరావు నగర్‌నందలి వారి సమాఖ్య కార్యాలయము కడనే. 2025 ఆగస్టు 4వ తేది నుండి 21వ తేది వఱకు జరిగిన సమ్మెలో వారు 30 శాతము పెంపుదల కోరగా, మూడేండ్లలో కలిసివచ్చునట్లు 22.5 శాతమునకు ఒప్పందము కుదిరినది. వేతనమును గూర్చి అడుగుటకు సమాఖ్య కలదు, అధికారులు కలరు, సంఖ్య కలదు. పిలుపును గూర్చి అడుగుటకు ఏ కార్యాలయమును లేదు. వ్రాయబడనిదానిని ఏ పత్రమున సవరింపవచ్చును?

పూర్వపక్షము

ఈ ఆచారమును సమర్థించువారు చెప్పు యుక్తులు ముఖ్యముగ మూడు. మొదటిది ఇది: ఇది పరంపరగ వచ్చిన ఆచారము, పెద్దలు ఆచరించినది, దానిని ప్రశ్నించుట తగదు. రెండవది: బాయ్ అనునది రూఢిశబ్దము. పంకజమనగా బురదలో పుట్టినదెల్ల కాక తామర యొక్కటియే యైనట్లు, లైట్ బాయ్ అనగా దీపముల పనివాడే గాని బాలుడు కాడు. రూఢి బలమున అవయవార్థము అణగిపోవును గనుక వయస్సును గూర్చిన ఆక్షేపము నిలువదు. మూడవది: చిత్రీకరణస్థలము విశాలము, కోలాహలభూయిష్ఠము, కాలము విలువైనది. దూరము నుండి కేక వేయునప్పుడు పొట్టి మాటయే పనికివచ్చును. గారును, రండి అనుటయు కాలహరణము.

ఈ యుక్తులు తేలికగ కొట్టివేయదగినవి కావు. పూర్వపక్షమును పలుచన చేసి ఖండించువాడు సిద్ధాంతమును బలపఱచినవాడు కాడు. మూడింటికిని క్రమముగ సమాధానము చూడవలయును.

సిద్ధాంతము

మొదటి యుక్తికి మీమాంసకులే సమాధానము చెప్పిరి. స్మృతివచనమునకు కంటికి కనబడు లౌకికప్రయోజనము మూలముగ కానవచ్చినచో, దానికి వేదమూలత్వము కల్పింపనక్కఱలేదని జైమిని చెప్పెను. శబరస్వామి చూపిన ఉదాహరణము ప్రసిద్ధము. వైసర్జనహోమమునందలి వస్త్రము అధ్వర్యునికి చెందునను వచనము అధ్వర్యునివంటివాని లోభము నుండియే పుట్టియుండవచ్చును గనుక అది ప్రమాణము కాదు. ఋత్విజులకు లాభకరమైన వచనమును ఋత్విజులే శాస్త్రమున పరీక్షించి త్రోసివేయుట మన పూర్వుల నిష్పక్షపాతమునకు గుర్తు. ఆ యుక్తిని ఇచ్చట నిలిపి చూడవలయును. అఱువది యేండ్లవానిని బాయ్ అని పిలుచుటవలన ఎవనికి లాభము? పేరు తెలిసికొను శ్రమ తప్పును. వయస్సునకు ఈయవలసిన మర్యాద తప్పును. బాలునికి చాలునన్న కూలి చాలును. ప్రయోజనము ఇంత ప్రత్యక్షముగ కానవచ్చు ఆచారమునకు పరంపర యొక్కటియే ప్రామాణ్యము కాజాలదు. ధర్మబుద్ధితో ఆచరింపబడినదే సదాచారమని కుమారిలభట్టు చేసిన నిర్ణయమును ఇక్కడ స్మరింపదగినది. బాయ్ అని పిలుచువాడు ధర్మబుద్ధితో పిలుచుచున్నాడని పూర్వపక్షియు అనజాలడు.

రెండవ యుక్తి, అనగా రూఢి, వ్యాకరణమునకు సంబంధించినది గనుక కొంత విస్తరింపవలయును. రూఢిశబ్దమున అవయవార్థము అణగుననుట నిజమే. కాని అది నిజముగ అణగినదా లేదా యనుటకు పరీక్ష కలదు. అవయవార్థము చచ్చినచోట, ఆ శబ్దముతో పాటు వచ్చు ఇతరవ్యవహారము అవయవార్థమును అనుసరింపదు. పంకజమని తామరను పిలుచువాడు దానిని బురదవలె కడిగివేయడు. బాయ్ అని పిలువబడువానితో జరుగు వ్యవహారము ఎట్టిది? నీవు అను ఏకవచనము, రా, పో, తే అను క్రియారూపములు, ఇవియన్నియు బాలునికి తగిన వ్యవహారములే. అవయవార్థము చావలేదు; క్రియయందు సజీవముగ నున్నది. మఱియు సంజ్ఞ ఏర్పడుటకు వ్యవహర్తల సమ్మతి వలయును. పేరు పొందినవారే తమ సంఘమునకు వేఱొక సంజ్ఞను గ్రహించియుండగా, పిలుచువారి సంజ్ఞ మాత్రమే రూఢియనుట ఏకపక్షము.

ఈ సందర్భమున మహాభాష్యమునందలి కథ యొకటి తలపునకు వచ్చును. ఒక వైయాకరణుడు రథము నడపువానిని గూర్చి ప్రశ్నించుచు, సూత్రప్రకారము తనకు సాధువని తోచిన రూపమును వాడెను. సూతుడు వేఱొక రూపముతో బదులు చెప్పెను. అది అపశబ్దమని వైయాకరణుడు అనగా, సూత్రముచే ఏది ప్రాప్తించునో నీవెఱుగుదువు గాని, ఏది ఇష్టమో ఎఱుగవని సూతుడు మందలించెను. పతంజలి ఈ కథయందు సూతునిచే పరాజయము పొందిన తన శాస్త్రమువానిని దాచలేదు. బండి తోలువాని నోట శబ్దతత్త్వము వినుటకు వ్యాకరణము సిగ్గుపడలేదు. లైట్‌మెన్ అని తన పేరు తాను వ్రాసికొన్నవాని మాట వినుటకు నేటివారు సిగ్గుపడనక్కఱలేదు.

మూడవ యుక్తి దూరాహ్వానము. దూరము నుండి పిలుచునప్పుడు వాక్యాంతమున అచ్చునకు ప్లుతము, అనగా మూడు మాత్రల కాలము ఉచ్చరించుట, పాణిని విధించెను. దూరము పిలుపును పొడిగించునే గాని పొట్టిచేయదని దీని భావము. లోకానుభవమును ఇదియే. పొలము గట్టున నిలిచి అవతలివానిని పిలుచు రైతు పేరు చివర అచ్చును సాగదీయును. కేక వేయుటకు అనువైనది దీర్ఘాంతమైన నామము. బాయ్ వంటి హలంతము కాదు. కాలహరణమను వాదమును నిలువదు. కథానాయకుని బిరుదమును, పేరును, గారును పలుకుటకు కాలమున్న చోట, రెండక్షరముల గారునకు కాలము లేదనుట పొసగదు.

హోలాకన్యాయము

ఇంతవఱకు నిరూపింపబడినది బాయ్ అను పిలుపునకు ప్రామాణ్యము లేదని మాత్రమే. గారు అందఱికిని చెందవలయునా యను ప్రశ్న మిగిలియున్నది. దీనికి మార్గము చూపునది జైమినీయమున ప్రథమాధ్యాయతృతీయపాదమునందలి హోలాకాధికరణము. హోలాకమను ఉత్సవమును ప్రాచ్యులు ఆచరింతురు; ఆహ్నీనైబుకమను దానిని దాక్షిణాత్యులు ఆచరింతురు; ఉద్వృషభయజ్ఞమును ఉదీచ్యులు ఆచరింతురు. ఈ ఆచారములు ఆ యా దేశములవారికే విధులా, అందఱికినా యని సంశయము. ఆచారము ధర్మమైనచో దానికి మూలమైన విధి సామాన్యముగనే యుండవలయును. ఆ దేశమున నున్నవాడని గాని, అటనుండి వచ్చినవాడని గాని అధికారిని వేఱుచేయు విశేషణము నిలువదు. కావున ధర్మమైన ఆచారము సర్వులకును ధర్మమే యని సిద్ధాంతము.

ఈ న్యాయము చిత్రసీమ గారునకు అచ్చముగ సరిపోవును. మనుష్యుని గౌరవముగ పిలుచుట ధర్మమా, కాదా? కాదనిన, ప్రముఖులను గారు అనుటయు ధర్మము కాదు. అది కేవలము లాభాపేక్ష. ఔననిన, ఆ విధి జూబిలీ హిల్స్‌లో నివసించువారికి ఉండి, కృష్ణానగర్‌లో నివసించువారికి లేకపోవుటకు హేతువు చూపవలయును. పేట హేతువు కాజాలదని హోలాకన్యాయము చెప్పినది. వయస్సు హేతువు కాజాలదు. ఏలయన వృద్ధుడు బాయ్, యువకుడు గారు. ధనము హేతువందురేమో. గౌరవమునకు మనువు ఐదు కారణములు చెప్పెను: ధనము, బంధుత్వము, వయస్సు, కర్మ, విద్య. వీనిలో తరువాతిది ముందుదానికంటె గొప్పది. అన్నింటికంటెను క్రిందిది ధనము. వయస్సు దానికి పైది. పదవ దశకమునకు వచ్చిన శూద్రుడును మాననీయుడే యని ఆతడే చెప్పెను. పనియందు ముప్పదియేండ్ల నైపుణ్యము కర్మ క్రిందను విద్య క్రిందను చేరును. అట్లు చూచినచో ఒక దృశ్యమునకు వెలుగు ఎట నిలుపవలయునో ఎఱిగిన వృద్ధుడు మనువు తూనికలో ధనవంతుడైన యువకునికంటె మూడు మెట్లు పైన నిలుచును. చిత్రసీమ ఆచారము స్మృతికిని విరుద్ధమే.

ఇందుపై ఒక ప్రత్యాక్షేపము రావచ్చును. శాస్త్రమునందును పిలుపున భేదము కలదు గదా? నమస్కరించినవానికి బదులు దీవించునప్పుడు వాని పేరు చివర ప్లుతము పలుకవలయునని పాణిని విధించుచు, శూద్రుని విషయమున దానిని వారించెను. వార్తికకారుడు స్త్రీలవిషయమునను వారించెను. ఈ నిషేధము నేటి న్యాయబుద్ధికి ఒప్పదు. దానిని సమర్థింపనక్కఱయును లేదు. అయినను ఒక భేదము చూడదగియున్నది. పాణిని తన నిషేధమును సూత్రమున బహిరంగముగ చెప్పెను. ఎవడు వెలుపల నిలుపబడెనో, ఏ శబ్దముచే నిలుపబడెనో, చదివిన ప్రతివానికిని తెలియును. కావున దానిని ఖండించుటకును వీలున్నది. చిత్రసీమ ఆచారము ఎవనిని వెలుపల ఉంచితినని చెప్పదు. అందఱిని కుటుంబమందును, అన్నయ్య, బాబు, గురువుగారు అని పలుకును, దీపముక్రింద నిలిచినవానిని మాత్రము పేరడుగదు. వ్రాయబడిన అన్యాయమునకు ఒక సూత్రసంఖ్య యుండును. వ్రాయబడనిదానికి అదియు లేదు. అందుచే దానిని వ్రాతలో నిలిపి చూపుట విమర్శకుని పని.

ఇష్టప్రయోగము

త్రోసిపుచ్చుటయే కాక, దాని స్థానమున నిలుపదగిన రూపమును చూపుటయు విమర్శకు కర్తవ్యము. సంస్కృతమునుండి సేవకవాచకము నొకదానిని కల్పించి తెచ్చినయెడల అది వాడుకకు రాదు. శబ్దములు కావలయునని ఎవడును కుమ్మరి ఇంటికి కుండలకై పోయినట్లు వైయాకరణుని ఇంటికి పోడని పతంజలి చెప్పియే యున్నాడు. కావలసిన శబ్దము లోకమునందే దొరకవలయును. అది దొరకియే యున్నది. హైదరాబాదు వీథులలో ఎదురైన అపరిచితుని అన్నా అని పిలుచుట సర్వసామాన్యము. అక్కా అనుట దానికి జత. కృష్ణానగర్ పనివారు తమలో తాము పిలుచుకొను పిలుపును ప్రాయికముగ ఇదియే. ఇది దీర్ఘాంతము గనుక కేకకు అనువైనది, రెండక్షరములది గనుక కాలహరణము లేనిది, అన్నా, రండి అని బహువచనమును సహించునది, బాంధవ్యమును తెలుపునది. పూర్వపక్షి కోరిన గుణములన్నియు ఇందు కలవు. అతడు కోరని గౌరవమును కలదు.

చిత్రసీమలో ఇట్టి ప్రయోగమునకు పూర్వదృష్టాంతము లేకపోలేదు. నందమూరి తారకరామారావు (1923–1996) ఎదుటివారిని బ్రదర్ అని పిలుచుట ప్రసిద్ధము. లోకము ఆయనను అన్నగారు అని పిలుచుటయు ప్రసిద్ధమే. అన్నగారు అను ఆ ఒక్క శబ్దమున బాంధవ్యమును ఆదరమును రెండును కలిసియున్నవి. తెలుగున అత్తగారు, మామగారు అను శబ్దములలో గారు విడదీయరాని అంగమైనది. అమ్మ అను శబ్దమునకు అది అక్కఱలేదు. భానుమతీ రామకృష్ణ రచించిన అత్తగారి కథలు అను పేరునుండి గారును తీసివేసినచో ఆ అత్త వేఱొక అత్తయగును. దూరము కలచోట గారు ఆదరమును నిలుపును. ప్రేమ కలచోట అది లేకున్నను ఆదరము నిలుచును. రెండును లేనిచోట మిగులునది బాయ్ ఒక్కటియే.

పాఠశాలలయందు ఆదరార్థబహువచనమును ఒక చిన్న నియమముగ, రాజు, గురువు, దేవుడు అను ఉదాహరణములతో బోధించుట కలదు. ఆ ఉదాహరణములే విద్యార్థికి గౌరవము పైవారికే చెందునను భ్రమను కలిగించుచున్నవి. గురువు విషయమున యుష్మచ్ఛబ్దమునకు బహువచనము కొందఱి మతముననే యని కాశికావృత్తి పేర్కొనినది. అనగా గురువు విషయమునను అది వికల్పమే, ఆదరము కలవాని ఇచ్ఛకు లోబడినదే. ఇచ్ఛచే ఇయ్యదగినదానిని ఎవరికైనను ఇయ్యవచ్చును. ఉదాహరణములలో దీపముల పనివారు వచ్చినారు, పాకీపనిచేయు అక్కగారు వచ్చినారు అను వాక్యములు చేర్చుటకు ఏ సూత్రమును అడ్డురాదు. స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తుగ పరిణమించు సంగతిని బోధించునప్పుడు, బహువచనము దానినుండి ఆమెను ఎట్లు తప్పించునో కూడ పండితులు చూపినయెడల, వ్యాకరణపాఠము లోకమర్యాదకు పాఠమగును.

ఫలితార్థమిది. ముహూర్తము, గుమ్మడికాయ వంటివి నిరపాయములైన లోకాచారములు. వాని జోలికి పోనక్కఱలేదు. గారు సదాచారమే, ధర్మమూలమైనచో అది సర్వులకును విధియే. బాయ్ ప్రత్యక్షప్రయోజనమూలము, స్మృతివిరుద్ధము, సంజ్ఞావిరుద్ధము, కావున అప్రమాణము. దాని స్థానమున నిలుపదగిన శబ్దము పరిశ్రమలోనే, క్రిందిమెట్టుననే, సిద్ధముగ నున్నది. పైమెట్టువారు దానిని నేర్చుకొనవలసియున్నది.